బాత్రూమ్‌లో రాడ్డు

మదీనాగూడలోని మా ఫ్లాట్‌ను బాగు చేయించడానికి ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాను. ఆఫీసు అలవాటు కొద్దీ అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి, పోల్చి చూస్తూ వారాలు గడిపాను.

వాళ్లలో ఒకతను మా అమ్మ వాడే బాత్రూమ్ చూడగానే, "మీ అమ్మ జారి పడ్తది సార్. పని ఎవరికన్న ఇయ్యుండ్రి, పట్టుకునే రాడ్డు మాత్రం ఇయ్యాల్నే బిగించి పోత. పైసలొద్దు" అన్నాడు.

నాకు చిర్రెత్తింది. పని దక్కించుకోవడానికి వల వేస్తున్నాడనుకున్నాను.

"అది కూడా కొటేషన్‌లో రాసి పంపండి" అన్నాను.

పంపాడు. ఎక్సెల్‌లో రాడ్డు ధర గడిలో సున్నా వేసుకున్నాను. ఆ వారమే అమ్మ జారి పడింది. తుంటి విరిగి, మంచం మీదే పోయింది.

చివరికి పని అతనికే ఇచ్చాను. రాడ్డు గట్టిగా బిగించాడు. దాని మీద ఇప్పుడు నా తువ్వాలు ఆరేసుకుంటున్నాను.