మైత్రి ధ్యానంలో నా వంతు

నార్సింగిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ప్రతి ఆదివారం ఉదయం పది పన్నెండు మందిమి కూర్చుని బౌద్ధుల మైత్రి ధ్యానం చేస్తుంటాం. నడిపించేది నేనే. ముందు మన క్షేమం కోరుకోవాలి, తర్వాత మనవాళ్ళ క్షేమం, చివరికి మనకు కోపం తెప్పించే మనిషి క్షేమం కూడా. అందరూ తడబడేది ఆ చివరి మెట్టు దగ్గరే.

ఈ రోజు నైట్ డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డు మల్లేశ్ కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. నాకు భలే సంతోషమేసింది. ధ్యానం అయ్యాక ఎవరి అనుభవం వాళ్ళు చెప్పడం మా పద్ధతి. అతని వంతు వచ్చినప్పుడు నేనే అడిగాను.

"చివర్లో ఎవరిని తలుచుకున్నావు మల్లేశ్?"

"మిమ్మల్నే సార్. గేటు లేపేలోపే నాలుగుసార్లు హారన్ కొడ్తరు. నేను ఉరుక్కుంట రావాలె. ఏం ఫికర్ చేయకుండ్రి, మీరు సల్లగుండాలెనని మంచిగనే మొక్కిన."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

సాయంత్రం బయటికి వెళ్ళి రాత్రి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర మళ్ళీ మల్లేశే ఉన్నాడు. వద్దు వద్దు అనుకుంటూనే నా చెయ్యి హారన్ నొక్కేసింది. అతను ఉరకలేదు. నా వైపు ఒకసారి చూసి, నిలబడ్డచోటే కళ్ళు మూసుకున్నాడు. ధ్యానం పూర్తయ్యాకే గేటు లేపాడు.

మీ గేటు దగ్గర కూడా మీ క్షేమం ఇలా కోరేవాళ్ళు ఉన్నారేమో, కనుక్కుని చెప్పండి.