టోల్ కార్డుకు పెట్టిన బొట్టు

మా కోడలికి టీచరు ఉద్యోగం వచ్చింది. ఏ ఊళ్లో పనిచేయాలో ఎంచుకోవడానికి ఆ రోజు చిత్తూరు రమ్మన్నారు. పది గంటలకు మొదలుపెట్టి ర్యాంకుల వరుసలో పిలుస్తారు. పిలిచినప్పుడు ఎదురుగా లేకపోతే వెనక ర్యాంకువాళ్లు కోరుకుంటారు, మిగిలిందే మనకు. ఆమెది పద్నాలుగో ర్యాంకు. తిరుచానూరులో ఒకే ఖాళీ ఉంది, మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. మనవడికి అప్పుడు ఎనిమిది నెలలు, తల్లిపాలు మానలేదు. దూరం వేస్తే బిడ్డ సంగతేమిటన్నదే వారం రోజులుగా ఇంట్లో మాట.

మనిషికి నాలుగు నిమిషాలు చొప్పున పదమూడు మందికి యాభై రెండు. అంటే పదీ యాభై రెండుకు ఆమె వంతు. ప్రయాణం గంటన్నర. ఎనిమిదిన్నరకే బయలుదేరాలన్నాను. బిడ్డకు పాలిచ్చి, సర్టిఫికెట్లు మళ్లీ సర్దుకుని కారెక్కేసరికి తొమ్మిదీ ఐదు. అయినా పదిహేడు నిమిషాలు చేతిలో ఉన్నాయి. మా అబ్బాయి కారు నడుపుతున్నాడు, బిడ్డ నా ఒళ్లో ఉన్నాడు.

మా వాడు ఉద్యోగం మీద వారానికి నాలుగుసార్లు ఆ రోడ్డున తిరిగేవాడు. టోల్‌గేటు దగ్గర చిల్లర వెతుక్కోనక్కర లేకుండా ముందే డబ్బు కట్టి కార్డు తీసుకున్నాడు. దాన్ని మిషన్లో పెడితే అడ్డకర్ర తనే లేస్తుంది. కార్డువాళ్లకు వేరే దారి, అక్కడ వరుస ఉండదు. కార్డు ముందురోజు సాయంత్రమే ఇంటికి వచ్చింది. దాని మీద బొటనవేలి గోరంత బంగారు రంగు చదరం ఉంది.

కుక్కరైనా స్కూటరైనా మా ఇంట్లో పసుపు కుంకుమ పెట్టనిదే వాడకానికి దిగదు. పైగా మర్నాటి పని అటువంటిది. కార్డును దేవుడి ముందు పెట్టి, తడి పసుపు రాసి, కుంకుమ అద్దాను. ఆ చదరం బొట్టు కోసమే వదిలిన చోటులా కనిపించింది. రాలిపోకుండా గట్టిగా అదిమాను కూడా.

టోల్‌గేటు దగ్గర మా వాడు కార్డు మిషన్లో పెడితే ఎర్రలైటు వెలిగింది. తీసి, ప్యాంటుకు తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్రలైటే. గదిలోంచి నడివయసు మనిషి ఒకడు వచ్చి కార్డు అందుకుని, మిషను చదవాల్సిన ఆ చదరాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

“దీనికి గూడా బొట్టు పెట్టినారా అవ్వా? మిషనుకు ముత్తైదువ కావాలని ఎవురు చెప్పినారు?”

నాకు నవ్వు రాలేదు. మా వాడు నోట్లు తీసి ఇవ్వబోయాడు. ఆ దారిలో చేతి డబ్బు తీసుకునే పద్ధతి లేదని, రసీదు పుస్తకం సూపర్‌వైజరు దగ్గరుందని, ఆయన టిఫినుకు పోయినాడని ఆ మనిషి చెప్పాడు. వెనక మూడు కార్లు చేరాయి. రెండు పక్కలా నడుమెత్తు గోడలు. వెనక్కి పోవాలంటే వాళ్లందరూ కదలాలి. వాళ్లేమో హారన్లు కొడుతున్నారు.

కోడలు కొంగు తడిపి కార్డు తుడిచింది. పసుపు కరిగి ఇంకా పరుచుకుంది. పిన్నీసుతో గీకబోతే మా వాడు పట్టుకుని ఆపాడు. బిడ్డ ఏడుపు అందుకున్నాడు. నేను గడియారం చూస్తున్నాను. పదిహేడు నిమిషాలు అయిపోయినప్పుడు ఎవరికీ చెప్పలేదు.

“కొత్త వస్తువు కదరా,” అన్నాను.

మా వాడు అద్దంలోంచి నన్ను చూశాడు.

సూపర్‌వైజరు వచ్చి రసీదు రాసి అడ్డకర్ర ఎత్తించేసరికి ఇరవై మూడు నిమిషాలు. మేము హాల్లో అడుగుపెట్టినప్పుడు పదీ యాభై ఎనిమిది దాటింది. పదిహేనో ర్యాంకు ఆమె తిరుచానూరుకు సంతకం పెట్టి కుర్చీలోంచి లేస్తోంది. కోడలు బతిమాలుకుంటే తర్వాతి వంతు ఇచ్చారు. ఉన్నవాటిలో దగ్గరదని ఐరాల తీసుకుంది. పోనురాను నాలుగు గంటలు.

అడిగిన వాళ్లందరికీ దారిలో ఆలస్యమైందని చెప్పేది. ఇంట్లో కూడా ఆ కార్డు ఊసెత్తలేదు. తెల్లవారి ఆరుంబావుకు ఇల్లు వదిలేది. ఆమె పోయిన అరగంటకు బిడ్డ లేచి వెతుక్కునేవాడు. వాణ్ని భుజాన వేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. ఎన్ని తిరుగుళ్లో లెక్క పెట్టుకునేదాన్ని, అరవై దాటినా వాడు ఊరుకునేవాడు కాదు.

నెలన్నర చూశాను. ఒకరోజు ఆమె బయలుదేరబోతుంటే గుమ్మంలో నిలబెట్టి, ఆ పొద్దు తప్పంతా నాదే, నాలుగు మాటలు అనేసెయ్యి తల్లీ, అన్నాను.

ఆమె చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటోంది.

“అత్తా, బస్సుకు టైమైపోతా ఉండాది. బిడ్డ లేసినట్టుండాడు, పోయి ఎత్తుకోండి,” అంది.