ల్యాంపు కాబోయిన జలాంతర్గామి గేజ్

2023 అక్టోబరు. నార్త్ కరోలినాలోని క్యారీలో మా కాలిబ్రేషన్ ల్యాబ్. మందుల కంపెనీల్లో వాడే ప్రెషర్ గేజ్‌లు నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం మా పని. పార్టీల్లో ఎవరైనా ‘మీరేం చేస్తుంటారు?’ అని అడిగితే ఈ మాటే చెబుతాను. వాళ్లు వెంటనే చట్నీ కోసం లేస్తారు. ఇన్నేళ్ల సర్వీసులో చట్నీ మానుకుని మరీ జనం విన్న కేసు ఇదొక్కటే.

ఆ రోజు డెబ్భై దాటిన ఒకావిడ, తువ్వాలులో చుట్టిన చంటిబిడ్డలాంటిదేదో తెచ్చి మా కౌంటర్ మీద పెట్టారు. ఆవిడ పేరు మార్గరెట్. తువ్వాలులో ఉన్నది భోజనం పళ్లెమంత ఇత్తడి గేజ్. డయల్ మీద అంకెలు అడుగుల్లో ఉన్నాయి. తయారీదారు పేరు ఉండాల్సిన చోట, ఎవరో ఏళ్ల తరబడి భక్తిగా తోమిన గుర్తులే మిగిలాయి.

“మా తాతగారిది. బ్రిటిష్ జలాంతర్గామిలో పనిచేశారు. ఇది దాని లోతు గేజ్” అన్నారావిడ.

ఆవిడ చెప్పిన ప్రకారం ఆ జలాంతర్గామి చరిత్ర పెద్ద వీరగాథేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధం కోసం కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేలోపు యుద్ధం పూర్తయింది. చేసేది లేక హాంకాంగ్ పంపారు. అక్కడ కొన్నేళ్లు చైనా తీరంలో తిరిగి, ఓడలు దోచేవాళ్ల కోసం కాపలా కాసి, రెండో యుద్ధం రాకముందే తుక్కు కింద అమ్ముడుపోయింది. రెండు యుద్ధాలనీ అంత చాకచక్యంగా తప్పించుకున్న యుద్ధనౌక మీద నాకు అప్పటికప్పుడే గౌరవం కలిగింది. దాన్ని ముక్కలు చేసేటప్పుడు తాతగారు ఈ గేజ్ కొనుక్కున్నారట. తర్వాత అమెరికా వచ్చి స్థిరపడ్డారు.

“ఇక్కడ ఏం చేసేవారు?” అన్నాను.

ఆవిడ తువ్వాలు అంచు సర్దారు. “ఊరి వాటర్ డిపార్ట్‌మెంట్‌లో మెకానిక్.”

చిక్కంతా అక్కడే ఉంది. నీళ్ల ట్యాంకులో మట్టం ఎంతుందో చూపే గేజ్‌ల మీద కూడా అంకెలు అడుగుల్లోనే ఉంటాయి. ఆయన జలాంతర్గామిలో పనిచేసినట్టు నేవీ కాగితాలున్నాయి. కానీ గేజ్ మాత్రం ఆఫీసు నుంచి ఎత్తుకొచ్చిందేనని ఇంట్లో అందరి నమ్మకం. సముద్రపు దొంగల్ని తరిమిన కథ ఆయన చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారట. ఇప్పుడు తీరంలోని ఒక చిన్న మ్యూజియం వాళ్లు ఆయన ఫొటో పక్కన ఈ గేజ్ పెడదామనుకుని, వాళ్ల సలహాదారు ‘ఇది వాటర్ ట్యాంకుది’ అనేసరికి వెనక్కి తగ్గారు.

“మ్యూజియం వద్దంటే మా తమ్ముడు వాల్టర్ దీన్ని ల్యాంపు చేసేస్తానంటున్నాడు” అన్నారు మార్గరెట్. “లోపలున్నదంతా పీకేసి బల్బు పెడతాడట. అప్పుడిక తాతయ్య దొంగ అన్నమాటే ఖాయమవుతుంది. వెలుగుతూ మరీ.”

వారం గడువిచ్చి వెళ్లారావిడ.

పరీక్ష సుజాతకి అప్పగించాను. వరంగల్ అమ్మాయి, మా ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. ఇలాంటి గేజ్ లోపల ఒక వంకర గొట్టం ఉంటుంది. పుట్టినరోజు పార్టీల్లో ఊదితే విప్పుకునే కాగితం బూరలాగే, ఒత్తిడి పెరిగేకొద్దీ అదీ కొంచెం విప్పుకుని ముల్లుని తిప్పుతుంది. దాన్ని పరీక్షించడానికి డెడ్‌వెయిట్ టెస్టర్ అనే యంత్రం వాడతాం. తెలిసిన బరువులు పెడితే కచ్చితంగా తెలిసిన ఒత్తిడి పుట్టిస్తుంది. దానికి దయాదాక్షిణ్యాలు ఉండవు.

మధ్యాహ్నానికి సుజాత నా టేబుల్ దగ్గరికొచ్చింది.

“అన్నా, నీ జలాంతర్గామి ఫెయిల్.”

“మునిగిందా?”

“జీరో మంచిగనే ఉంది. పైకి పోయిన కొద్దీ తక్కువ చూపెడ్తుంది. నేను వంద అడుగుల ఒత్తిడి పెడితే తొంభై ఏడున్నర అంటది. అడ్జస్ట్ చేసెయ్యాల్నా?”

నేను కుర్చీలోంచి లేచాను. “సరిచేసే స్క్రూ ముట్టుకోలేదు కదా?”

“ఈ ల్యాబ్‌ల నువ్వు ఏదన్న ముట్టనిస్తవా?”

మా వృత్తిలో as found అని ఒక నియమం ఉంది. వచ్చిన వస్తువు వచ్చిన స్థితిలో ఏం చెబుతుందో ముందు రాసుకోవాలి, ఆ తర్వాతే సరిచేయాలి. రోజూ విసుక్కుంటూ పాటించే ఆ నియమానికి ఆరోజు మనసులోనే దండం పెట్టుకున్నాను.

“యాభై దగ్గరెంత?”

“అక్కడా అంతే. నూటయాభై దగ్గరా అంతే. అన్ని చోట్లా వందకి రెండున్నర లెక్కన తక్కువ. తట్టి చూసిన, దించుకుంట చూసిన. మారుతలేదు. ముసలిదైంది పాపం.”

అక్కడే నాకు అనుమానం తగిలింది. గొట్టం పాతబడితే అరిగి, మెత్తబడి, ఎక్కువగా విప్పుకుంటుంది. అంటే ముసలి గేజ్ మామూలుగా ఉన్నదానికంటే ఎక్కువ చెబుతుంది. ఈ విషయంలో మనుషులకీ గేజ్‌లకీ తేడా లేదు. ఇదేమో తక్కువ చెబుతోంది. పైగా అన్ని చోట్లా ఒకే పొదుపు.

“సుజాతా, నువ్వు పెట్టిన వంద అడుగులు ఏ నీళ్లవి?”

“ఏ నీళ్లేంది? మన చార్టుల ఉన్నయే. ప్యూర్ వాటర్.” ఆ మాట పూర్తవుతుండగానే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. “అన్నా! సముద్రం!”

మందుల కంపెనీలకి పనిచేసీ చేసీ మాకు నీళ్లంటే శుద్ధమైన నీళ్లే. నేను మచిలీపట్నంలో పెరిగినవాణ్ణి. కాలవలో మునిగినంత సులువుగా సముద్రంలో మునగలేమని పదేళ్లప్పుడే తెలుసు, ముక్కులోకి ఉప్పునీళ్లు పోయి మరీ నేర్చుకున్నాను. ఉప్పునీళ్లు బరువు. ఎంత బరువంటే, మంచినీళ్లకంటే వందకి రెండున్నర ఎక్కువ. అంటే సముద్రం కోసం చేసిన గేజ్‌కి మంచినీళ్ల వంద అడుగులు తొంభై ఏడున్నరలాగే కనిపిస్తాయి.

ఇద్దరం టెస్టర్ దగ్గరికి దాదాపు పరుగెత్తాం. ఉప్పునీటి లెక్కతో వంద అడుగులకి బరువులు పేర్చాం. ముల్లు కదిలి, కాసేపు ఆలోచించుకుని, వంద మీద నిలబడింది. పక్కకి వెంట్రుకవాసి కూడా జరగలేదు. సుజాత వేసిన కేకకి పక్క ల్యాబ్ వాళ్లు ఫైర్ అలారం అనుకున్నారు.

గడువు రోజున మార్గరెట్ వచ్చారు. మ్యూజియం నుంచి క్యూరేటర్ ఎలెన్ అనే ఆవిడ వచ్చారు. వాల్టర్ కూడా వచ్చాడు, ల్యాంపుకి హోల్డర్ ఏ సైజు పడుతుందో చూసుకోవడానికి కాబోలు, టేపుతో సహా.

మాటలతో చెప్పలేదు. ముందు మంచినీళ్ల వంద అడుగులు పెట్టాం. ముల్లు తక్కువ చూపింది.

“చెప్పానుగా” అన్నాడు వాల్టర్. “పనిచెయ్యదు.”

“ఆగండి సార్. ఇది మీ ఊరి ట్యాంకు” అని సుజాత మరికాసిన్ని బరువులు పెట్టింది. “ఇది సముద్రం.”

ముల్లు వంద మీదికొచ్చి ఆగింది. యాభైకి దించితే యాభై. నూటయాభైకి పెంచితే నూటయాభై. వందేళ్లు దాటినా, అంకె అంకెకీ కచ్చితంగా సమాధానం చెబుతూనే ఉంది. మార్గరెట్ టేబుల్ అంచు పట్టుకుని నిలబడ్డారు.

“ఊరి ట్యాంకులో ఉప్పునీళ్లు పోసే వాటర్ డిపార్ట్‌మెంట్ ఏదైనా ఉంటే తప్ప, ఇది అక్కడిది కాదు. ఏ జలాంతర్గామిదో నేను చెప్పలేను. సముద్రం లోతు కొలవడానికి చేసిందని మాత్రం సంతకం పెడతాను” అన్నాను.

“ఏ జలాంతర్గామో ఆయన నేవీ కాగితాలు చెబుతున్నాయి. మాకు అది చాలు” అన్నారు ఎలెన్.

వాల్టర్ టేపు జేబులో పెట్టుకున్నాడు. డయల్ మీదికి వంగి చూసి, “అయితే ఆ దొంగల్ని తరమడం కూడా నిజమేనా?” అన్నాడు.

“దొంగలు మా స్కోప్‌లో లేరు” అన్నాను.

“మా స్కోప్‌లో ఉన్నారు” అన్నారు ఎలెన్. “ఆ కాలంలో చైనా దక్షిణ తీరంలో బ్రిటిష్ జలాంతర్గాములు నిజంగానే ఆ కాపలా కాశాయి.”

మార్గరెట్ తమ్ముడి వైపు తిరిగారు. “భోజనాల బల్ల దగ్గర అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే వాల్టర్.”

“తెలుసు” అన్నాడు వాల్టర్. గేజ్‌ని తనే తువ్వాలులో చుట్టి, కారు దాకా రెండు చేతులతో మోసుకెళ్లాడు. సీటు బెల్టు కూడా పెట్టాడని సుజాత కిటికీలోంచి చూసి చెప్పింది.

ఇప్పుడా గేజ్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. పక్కన తాతగారు ఫొటోలో, ఎవరూ నమ్మకపోయినా తనకేం ఫర్వాలేదన్నట్టు నవ్వుతున్నారు. కింద మేమిచ్చిన సర్టిఫికెట్. చూడటానికి వెళ్లినప్పుడు అందరూ ఫొటో దగ్గర ఆగారు. సుజాత సర్టిఫికెట్ దగ్గరే ఆగి, నా సంతకం పక్కనున్న తన సంతకంతో సెల్ఫీ తీసుకుంది.

ఆ కేసు తర్వాత మా ల్యాబ్‌లో ఒక చిన్న మార్పు వచ్చింది. ఏదైనా గేజ్ తప్పు చెబుతోందని ఎవరైనా తీసుకొస్తే, పరికరాలు బయటికి తీయకముందే సుజాత ఒక ప్రశ్న అడుగుతుంది.

“ముందుగల్ల ఇది చెప్పుండ్రి. ఇది ఏ నీళ్లల్ల బతికింది?”