ఏడో బండి మాట్లాడిన మధ్యాహ్నం

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పుడు, దయ్యముందని ఎవరూ చేరని క్వార్టర్లో మా నాయన మమ్మల్ని ఆర్నెల్లు ఉంచాడు. తొమ్మిదిమంది పిల్లల గోల భరించలేక దయ్యమే ఖాళీ చేసి వెళ్లిందని నా నమ్మకం. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. గోదావరిఖనిలో మా బొగ్గు గనుల కంపెనీ బండ్లన్నిటికీ, అంటే షిఫ్టు బస్సులకు, జీపులకు, అంబులెన్సులకు వైర్‌లెస్ సెట్లు బిగించారు. అన్నీ ఒకే గదితో కలుస్తాయి. ఆ గదిలో మైకు ముందు కూర్చునేది నేను. గోదావరి అవతల ఎవరు తుమ్మినా నాకు వినపడేది.

ముందు బండి నంబరు చెప్పాలి, తర్వాతే మాట. అది రూలు. మా డ్రైవర్లు వింటేగా. "కాకా, తిన్నవా?" అని మొదలుపెడితే ఏం కూరో తేలేదాకా నంబరు ఊసే ఉండేది కాదు. గొంతును బట్టి నేనే పోల్చుకునేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం వాన. ఎవరో గోదావరిని ఎత్తి మా మీద బోర్లించినట్టుంది. మా బావ, అంటే మా అక్క భర్త, షిఫ్టు బస్సు డ్రైవరు. సెంటినరీ కాలనీలో రెండో షిఫ్టు వాళ్లను నలభై మందిని బస్సెక్కించుకుని బయల్దేరాడు. దారిలో వాగు మీద కల్వర్టు ఉంది.

సెట్టు గరగరమంది.

"ఏడో బండి. కల్వర్టు కాడ రోడ్డు తెగుతున్నది. బస్సును రానియ్యకు."

అంతే. పలకరింపు లేదు, కూర లేదు. నంబరు ముందే చెప్పాడు. ఆ క్రమశిక్షణకే నాకు అనుమానం రావాల్సింది. కానీ నా ప్రాణమంతా బావ బస్సు మీదుంది. వెంటనే పిలిచాను.

"ఎవడు జెప్పిండు? రోడ్డు మంచిగనే ఉన్నది. సుట్టు తిరిగిపోతే డ్యూటీకి లేటైతది. జవాబు మీ అయ్య చెప్తడా?" అన్నాడు బావ.

"ఏడో బండి చెప్పింది బావా. తిప్పు. లేకుంటే అక్కకు చెప్త."

తిట్టుకుంటూనే తిప్పాడు.

పది నిమిషాలకు అటు వెళ్లిన జీపు డ్రైవరు పిలిచాడు. "కాకా, తిన్నవా?" అన్నాడు. కాసేపు గరగర. "కల్వర్టు లేదు కాకా. కొట్టుకపోయింది."

ఏడో బండి డ్రైవరుకు దండం పెడదామని లేచాను. అప్పుడు గుర్తొచ్చింది. ఏడో బండి ఇంజను విప్పి నాలుగు రోజులుగా వర్క్‌షాపులో ఉంది. దాని సెట్టు రిపేరుకు వచ్చి, బ్యాటరీ లేకుండా, నా వెనక అల్మారాలో ఉంది. ముట్టుకుని చూశాను. వేడిగా ఉందని రాస్తే కథకు బాగుండేది. చల్లగానే ఉంది.

వేరే ఊరి వైర్‌లెస్ స్టేషను మా దాంట్లో కలిసి ఉంటుందన్నాడు ఇంజనీరు సారు. ఆ ఊరివాడికి మా కల్వర్టు సంగతి ఎలా తెలుసని అడిగితే, నాకు టీ తెప్పించాడు.

డ్రైవర్లందరినీ అడిగాను. ఆ మాట చెప్పినవాడికి నాటుకోడి కూర పెట్టిస్తానన్నాను. ఒక్కడూ నేనే అనలేదు. మావాళ్లు నాటుకోడికి కూడా అబద్ధమాడలేదంటే, ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు. ఆ గొంతు అంతకు ముందు నేను వినలేదు, తర్వాతా వినలేదు.

బావకు వారం తర్వాత చెప్పాను. "ఎవలో గని, మనోడే," అన్నాడు.

ఎవరో నేను ఇప్పటికీ చెప్పలేను. బావ ఆదివారం ఆదివారం మా ఇంటికొస్తాడు, బాగా తిని నా మంచం ఆక్రమిస్తాడు, ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు డంపరు ఎత్తు ఎక్కుతున్నట్టు గురక పెడతాడు. పక్క గదిలో ఆ గురక వింటూ నేను చాప మీద పడుకుంటాను. జవాబు దొరకలేదన్న బాధ ఆ పూట నాకేమీ ఉండదు.