రూడో చేతికిచ్చిన కర్ర

మొన్న సూపర్ మార్కెట్లో తెల్ల మొక్కజొన్న పిండి కనబడితే తెచ్చి, మరిగే ఎసట్లో పోసి తెడ్డుతో గెలికాను. ఆ పచ్చి తియ్యటి వాసన వంటిల్లంతా పట్టేసరికి నాకు కోపం ముంచుకొచ్చింది. సంగటి మీద కోపమేమిటని మా ఆయన నవ్వాడు. ఆయనకేం తెలుసు, ఆ వాసన నాకు రాయచోటిది కాదు, దోహాది.

తొంభైల్లో మా నాయన ఖతార్‌లో, దోహాలోని అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒక కంపెనీలో ఏసీ మెకానిక్కు. ఒక పాత విల్లాను చెక్కలతో అడ్డాలు కొట్టి వాటాలుగా అద్దెకిస్తే కింద మేము, పైన జింబాబ్వే వాళ్ళు ఉండేవాళ్ళం. వాళ్ళలో తల్లిని బిడ్డ పేరుతో పిలుస్తారు కాబట్టి ఆమె అందరికీ మాయి రూడో, అంటే రూడో వాళ్ళమ్మ. ఒక క్లినిక్‌లో నర్సు. భర్త దుఖాన్ చమురు బావుల దగ్గర పనిచేస్తూ గురువారం సాయంత్రాలు ఇంటికొచ్చేవాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు రూడో, నా ఈడుది. మా ఇంట్లోనూ నేనొక్కదాన్నే.

ఎండాకాలం తేమకు గోడలు చెమర్చి, కిటికీ ఏసీ గుర్రుమంటూ నీళ్ళు కారుస్తుంటే, మేమిద్దరం ఆ నీళ్ళ చుక్కల కింద తలలు పెట్టుకుని నవ్వేవాళ్ళం; రంజాన్ నెల సగంలో గరంగావ్ పండగొస్తే మెడలో గుడ్డ సంచులు వేసుకుని అరబ్బుల గుమ్మాల ముందు నిలబడి, వేరుశనగలూ మిఠాయిలూ సంచి నిండా పోయించుకుని, మేడ మీద కుప్ప పోసి పంచుకునేవాళ్ళం. ఖర్జూరపు గింజలతో వామనగుంటలాడేవాళ్ళం. వాళ్ళ దేశంలోనూ అలాంటి ఆటే ఉందిగానీ దానికి నాలుగు వరసల గుంటలు, వేరే నియమాలు. ఎవరి నియమాలు వాళ్ళవే అయ్యేసరికి ప్రతి ఆటా జుట్లు పట్టుకోవడంతోనే ముగిసేది.

శుక్రవారం మధ్యాహ్నం మసీదు మైకు ఆగాక మాయి రూడో ఇంట్లో ఆడవాళ్ళు చేరేవాళ్ళు, జాంబియా ఆమె, బోట్స్వానా ఆమె, ఇంకో ఇద్దరు జింబాబ్వే వాళ్ళు. మొక్కజొన్న సంగటి, ఆకుకూర, ఎండుచేపలు. మా అమ్మ ఊరిబిండి పచ్చడి నూరి గిన్నెతో పైకెక్కేది. వచ్చీరాని హిందీలో, ఇంగ్లీషులో, మధ్యమధ్య మాఫీ, యల్లా అనే అరబ్బీ ముక్కలతో ఆ మాటలు సాయంత్రం దాకా నడిచేవి.

మాయి రూడో తన దేశంలో ఉన్నప్పుడు కొందరు ఆడవాళ్ళతో కలిసి ఊరూరా తిరిగి భర్త పోయినవాళ్ళకు ధైర్యం చెప్పేదట. అక్కడ మగవాడు చనిపోతే అతని చేతికర్రను భార్య చేతిలో పెడతారు. మరుదులు వరసగా కూర్చుంటారు. ఆ కర్ర ఎవరికిస్తే వాడే ఆమెకు మొగుడు, బిడ్డలకు పెద్దదిక్కు. ఇష్టం లేకపోతే కొడుక్కివ్వచ్చు, కానీ అలా ఇచ్చే దమ్ము ఎవరికుంటుంది? "వాళ్ళను దాటి నడవండి" అని చెప్పడమే ఈమె పని. ఒక ఊళ్ళో మగవాళ్ళు వీళ్ళ వ్యాను టైర్లలో గాలి తీసేశారట. ఆ మాట చెప్పి పగలబడి నవ్వేది. అందరికంటే ఎక్కువ మా అమ్మే నవ్వేది.

ఒక చలికాలం రూడో నాన్న దుఖాన్‌లో డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. ఊళ్ళో ఏడాది తర్వాత జరగాల్సిన ఆ కర్ర తంతును అతని తమ్ముడు ఇక్కడే, శవం విమానమెక్కకముందే పెట్టించాడు. అతను మెసైమీర్‌లో ఏదో కంపెనీ క్యాంపులో ఉండేవాడు. అతనికి వదిన మీద మోజు లేదు, రూడో కావాలి. రేపు దాని పెళ్ళికి వచ్చే కన్యాశుల్కం, పశువులు, దాన్ని పెంచిన ఇంటివి.

సోఫాల మీద మగవాళ్ళు, చాప మీద ఆడవాళ్ళు, గుమ్మంలో మా అమ్మా నేనూ. గుండ్రటి తల ఉన్న ఆ నల్ల కర్ర పట్టుకుని మాయి రూడో లేచింది. మరిదిని దాటింది. పక్కవాణ్ణి దాటింది. అందరినీ దాటి, మూలన ముక్కు చీదుకుంటున్న రూడో చేతిలో పెట్టింది. ఆడపిల్లకు! గదిలో కేకలు లేచాయి.

"నిన్ను పశువులిచ్చి తెచ్చుకున్నాం, పిల్ల మా ఇంటిది!" అని మరిది అరిచాడు.

"ఇప్పుడు ఇంటికి పెద్ద అదే, దాన్నే అడుగు" అంది ఆమె.

వాళ్ళలో పెద్దాయన ఎగతాళిగా రూడో వైపు వంగి, "అయితే పెద్దమనిషీ, మీ అమ్మ ఎక్కడుండాలి?" అన్నాడు.

"నా దగ్గర" అంది రూడో.

ఆ ముసలాయన నవ్వు ఆగిపోయింది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు, మిగిలినవాళ్ళూ లేచారు.

కథలోనైతే ఇక్కడ చప్పట్లు పడాలి. మర్నాడు మరిది పికప్ తెచ్చి ఫ్రిజ్జు, టీవీ, సోఫాలు, ఆఖరికి రూడో సైకిలు కూడా ఎక్కించాడు. శుక్రవారం శుక్రవారం ఆ ఇంటి సంగటి తిన్నవాళ్ళలో ఒక్కరూ రాలేదు. మా అమ్మ గడప దాటబోతే, "మనకెందుకు మే వాళ్ళ కొట్లాట, తలుపేసుకో" అన్నాడు మా నాయన. అమ్మ వేసింది. పిల్ల వీసా తండ్రి ఉద్యోగం మీదిది, ఆయనతోనే పోయింది కనక మాయి రూడో ఉద్యోగం వదిలేసి, కూతురి చేయి పట్టుకుని విమానమెక్కింది. తర్వాత ఒకసారి ఫోన్ చేసింది. ఇద్దరూ ఒక్కచోటే ఉన్నామంది.

ఇప్పుడు ఆ విల్లా లేదు, అక్కడ అద్దాల బిల్డింగు లేచింది. ఆ శుక్రవారాలు లేవు, నాలుగు వరసల గుంటల ఆట నాతో ఆడేవాళ్ళూ లేరు. మా నాయనా పోయాడు, నిరుడు. పెద్దదినం నాడు ఇంటికి పెద్దగా నిలబడేవాడికి తలగుడ్డ కట్టాలన్నారు. తలకొరివి పెట్టింది నేను, ఆసుపత్రుల చుట్టూ తిరిగింది నేను. తలగుడ్డకు తెచ్చిన తువ్వాలు అమ్మ చేతికిచ్చి, "ఎవరికి కట్టిచ్చమంటావు వదినా?" అని అడిగాడు మా చిన్నాయన. నేను పక్కనే కూర్చున్నాను. అమ్మ ఆ తువ్వాలు పట్టుకుని నన్ను దాటి నడిచి, చిన్నాయన కొడుకు చేతిలో పెట్టింది.

అందరూ పోయాక, మాయి రూడో కర్రను కూతురికిచ్చిందే, నువ్వు నాకెందుకియ్యలేదని ఉండబట్టలేక అమ్మను అడిగాను.

"ఆయమ్మకు కూతురు యాడ చేజారిపోతాదో అని భయం మే. నువ్వు యాటికి పోతావులే అనుకున్యా."

నిజమే, నేనెక్కడికీ పోలేదు. ఆ రాత్రి కూడా అమ్మకు మాత్రలిచ్చి, దుప్పటి కప్పింది నేనే.