సమాధుల తోటలో పోయిన భయం

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. అమీర్‌పేటలో మా కుట్టు దుకాణం. ఒక ఉదయం తెల్లటి షేర్వానీకి కాజాలు కుడుతుంటే దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డముక్క మీద నెత్తురు కనబడింది. దాన్ని మిషన్ కింద దాచాను. దాస్తే రోగం ఆగుతుందా? నెల తిరిగేసరికి సాయంత్రం జ్వరాలు మొదలయ్యాయి, చిక్కి సగమయ్యాను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు. "రైట్ లంగ్‌లో టీబీ. మందుల కంటే కంప్లీట్ రెస్ట్ ముఖ్యం. మంచం దిగొద్దు" అన్నారు డాక్టరు. మా నాన్న ఈ రోగంతోనే పోయాడు. కన్ను మూస్తే మళ్లీ తెరుస్తానో లేదోనని నిద్రే పోయేవాణ్ని కాదు.

నన్ను చేర్చుకున్న వార్డులో రూతమ్మ అనే నర్సు ఉండేది. నా భయం కనిపెట్టి ఒకనాడు పక్కన కూర్చుంది.

"మా చిన్నోడు సుత గీ రోగంతోనే పోయిండు తమ్మీ. పంజాగుట్ట దిక్కు సమాధుల తోటల పండుకోబెట్టినం. యేసు ప్రభువు సమాధిలకెల్లి లేచిండు. ఆయన పిలిస్తె మావోడు సుత లేస్తడు."

"మరి నాకు బాగైతదా అక్కా?"

"గది నాకు తెల్వది. గానీ సచ్చినా అయిపోయినట్టు కాదు. గది మాత్రం తెలుసు."

బాగవుతుందని చెప్పినవాళ్లు చాలామంది. ఎవరినీ నమ్మలేదు. తెలియదన్న ఆమెను నమ్మాలనిపించింది.

జ్వరం తగ్గి ఇంటికి వచ్చాక, యేసు లేచిన పండుగ ఈస్టర్ వచ్చింది. డాక్టరు మాట గాలికొదిలి, పొద్దున్నే రూతమ్మ వాళ్లతో పంజాగుట్టకు నడిచాను. సమాధుల తోటంటే ఏడుపులుంటాయనుకున్నాను. వాళ్లేమో సున్నం వేసిన సమాధుల మీద మల్లెలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి పాడుతున్నారు. రూతమ్మ తన కొడుకు సమాధిని, నిద్రపోయే పిల్లాణ్ని నిమిరినట్టు నిమిరింది. "ప్రభువు లేచిండు" అంది నాతో. అక్కడే నా భయం దిగిపోయింది. ఎందుకని అడిగితే చెప్పలేను. హాయిగా ఏడ్చాను.

ఇంటి గుమ్మంలో అమ్మ బిందె పట్టుకొని నిలబడి ఉంది. "బొందలగడ్డకు పోయొచ్చి గట్లనే ఇంట్లకొస్తవా?" అంటూ నెత్తిన చన్నీళ్లు కుమ్మరించింది. శ్మశానానికి పోయినవాళ్లను స్నానం చేయనిదే గడప దాటనివ్వని ఇల్లు మాది.

ఆ వారంలోనే జ్వరం తిరగబెట్టింది, పక్కటెముకల్లో పోటు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, ప్లూరల్ ఎఫ్యూజన్ అన్నారు. సూదితో నీరు తీశారు.

"చల్లనీళ్లు పోసి నా చేతులతోని నేనే కొడుకును సంపుకుంటున్న" అని అమ్మ తల బాదుకుంది.

డాక్టరు నావైపు ఉరిమి చూశారు. "నీళ్ల తప్పు కాదమ్మా. రెస్ట్ తీసుకొమ్మంటే అంత దూరం నడిచిపోయిండు సూడు, గది తప్పు."

విచిత్రం, ఈసారి నాకు కంటినిండా నిద్ర పట్టింది. పోతే ప్రభువు దగ్గర ఉంటాను, బతికితే అమ్మ దగ్గర ఉంటాను అనుకున్నాను.

కఫం నెగెటివ్ రావడానికి ఏడాది పైన పట్టింది. అప్పుడు బాప్తిస్మం అడిగాను. కులపోళ్లు ఏమంటారోనని అమ్మ నెలల తరబడి అలిగింది, రానని తేల్చి చెప్పింది. తీరా నేను బాప్తిస్మమిచ్చే నీళ్ల తొట్టి దగ్గర నిలబడ్డాక చూస్తే, పొగలు కక్కే బిందె మోసుకుంటూ వస్తోంది.

"అయ్యగారూ, మీ దేవుని సంగతి నాకు తెల్వది. నా కొడుకును చల్లనీళ్లల్ల ముంచితె మాత్రం ఊకోను. జర గివి కలుపుండ్రి."

పాస్టరుగారు నవ్వి బిందె అందుకున్నారు.

ఇప్పుడు మళ్లీ మిషన్ తొక్కుతున్నాను, మధ్యాహ్నాలు నడుము వాలుస్తూ. నాలాంటి రోగులకు ఒక్క మాట. డాక్టరు పడుకోమంటే పడుకోండి. మంచం మీది నుంచి ప్రార్థించినా దేవుడికి వినబడుతుంది.