సోలార్ రేకు మీద ముడత

మొన్న ఆదివారం ఇక్కడ మా ఊరు హెర్న్‌డన్‌లో మన తెలుగువాళ్ల పిక్నిక్ జరిగింది. మా వీధి చివరింటి అమ్మాయి ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందంటూ, సంచిలోంచి చాపలా చుట్టిన సోలార్ షీట్ ఒకటి తీసి గడ్డి మీద పరిచింది. నేను వంగి దాని అంచు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తుంటే, "పర్లేదు ఆంటీ, ఎంత బెండ్ చేసినా ఏం కాదు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాను" అంది. ఏం కాదని నాకూ తెలుసు. ఏమీ కాకుండా ఉండడానికి ఒకప్పుడు మేమెంత అవస్థ పడ్డామో చెప్పబోయేంతలో పులిహోర వడ్డిస్తున్నారని ఎవరో పిలిచారు, ఆ మాట నాలోనే ఉండిపోయింది. ఈ దేశపు చలినీ, ఫ్యాక్టరీల ఇంగ్లీషునీ ఒకేసారి అలవాటు చేసుకున్న నా తరం వాళ్లు ఓపిగ్గా వింటారన్న ధైర్యంతో ఇక్కడ చెప్పుకుంటున్నాను.

అప్పుడు మేము ఒహాయోలో ఉండేవాళ్లం. నేను చేరింది చిన్న కంపెనీ. అందరూ గాజు పలకల మీద సోలార్ సెల్స్ చేస్తుంటే, మేము కాగితమంత పల్చని స్టీలు రేకు మీద చేయాలని బయల్దేరాం. రేకు ఒక చుట్ట నుంచి విప్పుకుంటూ, గాలి తీసేసిన పొడవాటి ఉక్కు పెట్టెలోకి వెళ్లి, అక్కడ వేడెక్కి, ఒకదాని మీద ఒకటిగా పూతలు పూయించుకుని, చల్లారి, అవతలి వైపు మరో చుట్టగా చుట్టుకోవాలి. చెప్పడానికి ఇంతే గాని, ఆ రేకు మీద ఎక్కడ చిన్న ముడత పడినా అక్కడ పూత చిట్లిపోయేది, ఆ భాగమంతా కరెంటు ఇవ్వకుండా పోయేది. ఆ పెట్టెలో హీటర్లు ఎక్కడెక్కడ ఉండాలో డిజైన్ చేసింది నేనే. ఆ సంగతి కాస్త గర్వంగానే చెప్పుకునేదాన్ని.

మా లైన్ నడిపే ఆపరేటర్ ఇంచుమించు మా నాన్న వయసు మనిషి. అంతకు ముందు ఒక వార్తాపత్రిక ప్రెస్‌లో అచ్చుయంత్రం మీద పనిచేసి, ఆ ప్రెస్ మూతపడితే మా దగ్గరికి వచ్చాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. కదులుతున్న రేకు వైపు కిటికీలోంచి చూస్తూ, చెవి యంత్రానికి ఆనించి నిలబడేవాడు. ఆయన మాట మీద నాకు మొదట గురి లేదు, చదువుకున్నదాన్నన్న అహం నాకు బాగానే ఉండేది.

ఒక ఎండాకాలం వరసగా చుట్టలన్నీ ముడతలతో బయటికి రావడం మొదలైంది. పెట్టుబడి పెట్టినవాళ్లు చూడడానికి వస్తున్నారు, అప్పటికి ఒక్క మంచి చుట్టయినా చూపించకపోతే లైన్ మూసేస్తారన్నారు. మా మేనేజర్ కారణం రాసిమ్మని నన్ను అడిగాడు. ముడతలు ఎక్కువగా ఆ పెద్దాయన షిఫ్టులోనే పడుతున్నాయి కాబట్టి, చుట్టని యంత్రానికి ఎక్కించేటప్పుడు వంకర పోతోందని రాసిచ్చాను. ఆయన షిఫ్టులోనే ఎక్కువ చుట్టలు నడుస్తున్నాయన్న సంగతి నాకు అప్పుడు తట్టనేలేదు.

రెండు రోజులకి, నా రిపోర్టు సంగతి తెలిసి, ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చి, కోపం లేకుండా, "రేపు చుట్టని నువ్వే ఎక్కించు, నేను చెయ్యి కూడా పెట్టను" అన్నాడు. కొలతలు పెట్టి, గీత గీసినట్టు తిన్నగా ఎక్కించాను. రేకు పన్నెండు అడుగులు నడిచేసరికి చల్లారే చోట, ఎప్పుడూ పడే చోటే, సన్నటి ముడత లేచింది. ఆయన కిటికీ మీద వేలు పెట్టి చూపించాడు. "మధ్యలో వేడెక్కువ, అంచులకి తక్కువ. మధ్యభాగం సాగుతోంది, సాగినదానికి పోవడానికి చోటు లేదు. తడిసిన పేపరు కూడా ఇలాగే చేస్తుంది." నేను హీటర్లన్నీ మధ్యకి చేర్చి గీసిన డ్రాయింగు కళ్ల ముందు కదిలింది. 

అప్పటికే నా రిపోర్టు పైకి వెళ్లిపోయింది. ఆ వారాంతానికి ఆయన్ని తీసేస్తున్నారని మేనేజర్ దగ్గర పనిచేసే ఆవిడ చెప్పింది. మా గ్రీన్ కార్డు కాగితాలు ఆ కంపెనీ ద్వారానే నడుస్తున్నాయి. ఇంటికొచ్చి, అన్నం దగ్గర కూర్చున్నాక మావారితో చెప్పాను.

"పెటిషన్ వాళ్ల చేతిలో ఉంది కదా, అప్రూవల్ వచ్చేదాకా ఆగకూడదూ?" అన్నారు.

"ఆగితే శుక్రవారం ఆయన ఉద్యోగం పోతుందండీ. తప్పు నాది."

"అయితే ఇంకేం అడుగుతావు? వెళ్లి చెప్పు," అని, నా కంచంలో పెరుగు ఆయనే వడ్డించారు.

మర్నాడు మేనేజర్ గదిలో నిలబడి, తప్పు నా డిజైన్‌లో ఉందనీ, నేను రాసిచ్చింది నిజం కాదనీ చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ ప్రాజెక్టు పెత్తనం నా దగ్గర్నుంచి తీసేసి ఇంకొకరికి ఇచ్చారు. ఉద్యోగం మాత్రం ఉంచారు, పెద్దాయన ఉద్యోగం కూడా నిలిచింది.

తర్వాత హీటర్లని అంచుల వైపు జరిపాం. అయినా కొంత ముడత మిగిలింది. అప్పుడు పెద్దాయన, ప్రెస్‌లో చేసేవాళ్లమంటూ, రేకు ఆనుకుని నడిచే రోలర్ రెండు చివరలకీ వేడికి తట్టుకునే టేపు నాలుగు చుట్లు చుట్టాడు. చివరలు కాస్త లావెక్కేసరికి రోలర్ రేకుని రెండు వైపులకీ లాగి పట్టింది. నేను లెక్కలు వేసి అదెందుకు పనిచేస్తోందో తెలుసుకునేసరికి నాకు వారం పట్టింది. ఆ చుట్ట అద్దంలా వచ్చింది, పెట్టుబడి పెట్టినవాళ్లకి దాన్నే చూపించి లైన్ నిలబెట్టుకున్నాం. అందులోంచి ఒక ముక్క కోసి, ఆయన ట్రక్కు ముందు భాగం మీద వంపుకి తగ్గట్టు పరిచి, పాత రేడియోకి తీగలు కలిపితే, బేస్‌బాల్ కామెంటరీ గట్టిగా వినిపించింది. ఆయన టోపీ తీసి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. అందరూ మళ్లీ లోపలికి వెళ్లాక ఆయనకి క్షమాపణ చెప్పాను. "నువ్వు వెళ్లి చెప్పావుగా, అది చాలు," అన్నాడు.

మా కంపెనీ ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. బయటి నుంచి చవకగా గాజు పలకలు వెల్లువలా వచ్చిపడ్డాయి. యంత్రాన్ని ముక్కలుగా విప్పి ఎవరికో అమ్మేశారు. పెద్దాయన కొన్నేళ్లకి పోయారని ఉత్తరం వస్తే, ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు.

కిందటి ఏడాది మావారూ నేనూ అటుగా డ్రైవ్ చేస్తూ ఆ ఫ్యాక్టరీ ముందు ఆగాం. ఇప్పుడది పార్సిళ్లు పంచే గోదాం. గేటు దగ్గర కుర్రాడు మర్యాదగా, ఎవరిని కలవాలి అని అడిగాడు. ఇప్పుడు ఇలాంటి పనుల్లో కెమెరాలు ముడతని మనకంటే ముందే పట్టేస్తాయట, ఎవరి తప్పో తేల్చడానికి ఎవరూ ఎవరి బల్ల దగ్గరికీ నడిచి రానక్కర్లేదట. మంచిదే, ఒకరి ఉద్యోగం మీదకి వచ్చే పొరపాట్లు తగ్గుతాయి. కానీ నా తప్పుని నా చేత్తోనే నాకు చూపించి, అంత నెమ్మదిగా పక్కన నిలబడ్డ మనిషి మళ్లీ నాకు ఎదురుకాలేదు. ఆ కుర్రాడు ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. ఎవర్నీ కాదు బాబూ అని చెప్పి, మేము కారు వెనక్కి తిప్పుకున్నాం.